గాలి గది తాళం

సీసాల ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని తాళం బాబాయి అంటారు. గుర్తింపు కార్డు మీద ఎలక్ట్రీషియన్ అని ఉంటుంది గానీ, ఆ మాటతో పిలిస్తే ఆయన వెనక్కి తిరిగి కూడా చూడడు. ఏ యంత్రం ప్యానెల్ తలుపు తీయాలన్నా ముందు మెయిన్ స్విచ్ దించాలి, దించిన స్విచ్‌కి తన ఎర్ర తాళం వేయాలి, తాళంచెవి చొక్కా జేబులో పడాలి, జేబు మీద ఒకసారి తట్టుకోవాలి. అప్పటిదాకా లోపల చెయ్యి పెట్టడు. ఇంట్లో బల్బు మార్చినా తాళం వేస్తాడేమోనని తోటివాళ్లు ఏడిపిస్తారు. ఏడిపించనివ్వండి. వాళ్లలో చాలామంది చేతుల మీద కాలిన మచ్చలున్నాయి, ఆయన చేతులు మాత్రం బడిపంతులు చేతుల్లా నున్నగా ఉంటాయి.

ఆ తాళానికి ఒక అట్టముక్క వేలాడుతుంది. దాని మీద ఆయన ఫోటో, కింద "నేను లోపల ఉన్నాను, స్విచ్ ఎత్తకండి" అనే మాట. ఫోటోలో జుట్టు ఇంకా నల్లగానే ఉంది. ఫ్యాక్టరీలో ఎవరి తాళం వాళ్లే తీయాలి, ఇంకొకరు ముట్టుకోకూడదు. తాళం కనిపించి మనిషి కనిపించకపోతే ఆ మనిషి యంత్రంలో ఉన్నట్టే లెక్క. అప్పుడు షిఫ్ట్ ఇన్‌ఛార్జి ఇంకొకరిని వెంటబెట్టుకుని వెళ్లి ఆ మనిషిని కళ్లారా చూసి రావాలి. ఫోన్లో గొంతు వింటే సరిపోదు. ఎక్కడున్నాడో చూశాకే తాళం సంగతి. బాబాయి విషయంలో ఈ నియమంతో ఎవరికీ పని పడలేదు, ఎందుకంటే ఆయన ఎన్నడూ తాళం మర్చిపోయి ఇంటికి వెళ్లలేదు.

అందులో ఆయన గొప్పతనం ఏమీ లేదు. గొప్పతనమంతా వాళ్ల అక్కది.

బాబాయి పెళ్లి చేసుకోలేదు. అక్క భర్త పోయాక ఆవిడ వచ్చి తమ్ముడి దగ్గరే ఉండిపోయింది. వాళ్లిద్దరిదీ రెండు గదుల ఇల్లు, ముందు సన్నటి వరండా. కంప్రెసర్ అంటే ఏమిటో ఆవిడకి తమ్ముడు ఎన్నిసార్లు చెప్పినా, సైకిల్ పంపులాంటిదే కాస్త పెద్దదన్నమాట అని తేల్చేసేది. కానీ ఎవరో మనిషి లోపల ఉండగా స్విచ్ వేసేశారట అనే వార్త ఒకటి ఆవిడ చెవిన పడింది. ఆనాటి నుంచి ఆవిడకి అదే బెంగ. సాయంత్రం తమ్ముడు సైకిల్ దిగగానే, కాళ్లు కడుక్కోమనేముందు, కుర్చీలోంచి కదలకుండా ఒకటే మాట అడిగేది: "తాళం తీశావా?" ఆయన సంచిలోంచి ఎర్ర తాళం పైకి తీసి ఆవిడ ముక్కు ముందు ఊపేవాడు. అప్పుడు గానీ ఆవిడ లేచి టీ పెట్టేది కాదు. అలా ఏళ్ల తరబడి జరిగింది. ఇంటికి వెళితే తాళం చూపించాలి కాబట్టి తాళం తీసుకునే ఇంటికి వెళ్లేవాడు, అంతే.

ఆ అక్క పోయింది. జ్వరమని పడుకుంది, మళ్లీ లేవలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లు నాలుగు రోజులు వచ్చి, ధైర్యంగా ఉండమని చెప్పి, ఎవరి పనుల్లోకి వాళ్లు వెళ్లిపోయారు. కుర్చీ వరండాలోనే ఉంది. దాని వీపు మీద ఆవిడ శాలువా కూడా అలాగే ఉంది. ఆయన ఫోన్‌కి ఫోన్ చేసే మనిషి ఆవిడ ఒక్కతే కావడంతో, ఆవిడ పోయాక దానికి చార్జింగ్ పెట్టాలన్న ధ్యాస కూడా పోయింది. ఇంట్లో మాట్లాడడానికి ఎవరూ లేకపోతే గొంతు తుప్పు పడుతుందని ఆయనకి అప్పుడే తెలిసింది. పొద్దున ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా మనిషిని పలకరించబోతే మాటకి ముందు దగ్గు వచ్చేది.

ఇక గాలి గది గురించి చెప్పాలి. ప్లాస్టిక్ సీసాల్ని గాలితో ఊదే ఫ్యాక్టరీ అది. ఆ గాలినంతా ఒక పెద్ద కంప్రెసర్ తయారుచేస్తుంది. అది ఉన్న గదే గాలి గది. దాన్ని మధ్యాహ్నం షిఫ్ట్‌లో నడిపే ఆవిడకి గాలమ్మ అని పేరు పడింది. ఇద్దరు పిల్లల తల్లి, నవ్వితే పక్క షెడ్డుకి వినిపిస్తుంది. ఆ పేరు పెట్టినవాళ్ల మీద కోప్పడకుండా, నేను ఆగితే మీ అందరికీ ఊపిరి ఆగుతుందర్రా అని ఎదురు వేళాకోళం ఆడుతుంది. ఆ మాట నిజమే. గాలి ఆగితే సీసాల లైన్లన్నీ చచ్చినట్టు ఆగిపోతాయి.

ఆ కంప్రెసర్ ప్యానెల్‌కి ఒక జబ్బు పట్టుకుంది. ఉన్నట్టుండి తెర మీద "గాలి వేడి ఎక్కువ" అని ఎర్రగా చూపించి యంత్రం ఆగిపోయేది. కాసేపాగి మళ్లీ వేస్తే బుద్ధిమంతురాలిలా నడిచేది. బాబాయి ముందు గాలమ్మని అడిగాడు, ఆగేముందు ఏం వినిపించిందని. యంత్రాన్ని రోజూ వినే మనిషి చెప్పే మాట ప్యానెల్ చెప్పేదానికన్నా ముందు వినాలని ఆయన నమ్మకం. ఏమీ వినిపించలేదు బాబాయ్, అందుకే నాకు అనుమానం, నిజంగా వేడెక్కితే గురక పెడుతుంది కదా అందామె. ఆయన పైపుకి దూరం నుంచి వేడి కొలిచే పరికరం గురిపెట్టి చూశాడు. పైపు మామూలుగానే ఉంది. అంటే జబ్బు యంత్రానిది కాదు, ప్యానెల్‌ది.

అప్పుడు ఆయన పని చూడాలి. అలారాలన్నీ తెర మీద వరసగా చూసి, గుర్తు పెట్టుకున్నాకే రీసెట్ నొక్కాడు. యంత్రం ఆపి, ట్యాంకులో గాలి వదిలేసి, ఒత్తిడి చూపే ముల్లు సున్నాకి వచ్చేదాకా చూశాడు. స్విచ్ దించి తాళం వేశాడు. స్టార్ట్ బటన్ నొక్కి, కదలడం లేదని చూసుకున్నాడు. స్విచ్ దించినా లోపలి కెపాసిటర్లలో కరెంటు కాసేపు దాక్కుని ఉంటుంది, దానికి టైము ఇవ్వాలి. ఆ టైములో తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తర్వాత మీటరు తెచ్చి, ముందు కరెంటు ఉందని తెలిసిన ప్లగ్గులో పెట్టి అది బతికే ఉందో లేదో చూసి, ఆ తర్వాత ప్యానెల్లో చూసి, మళ్లీ ప్లగ్గులో చూశాడు. మధ్యలో మీటరే చచ్చిపోతే అది చెప్పిన సున్నాని నమ్మి మనిషి చస్తాడు. లోపల తెరిస్తే సర్క్యూట్ కార్డుల మీద దుమ్ము మందంగా పేరుకుంది, చల్లబరిచే చిన్న ఫ్యాను ఇరుక్కుపోయి తిరగడం లేదు. గాలి గదిలో గాలికి కరువా, గొట్టం పెట్టి ఊదేస్తే పోదా అని ఇన్‌ఛార్జి అన్నాడు. ఆ గాలిలో తడి ఉంటుంది, నూనె ఉంటుంది, కార్డుల మీద కొడితే ఇవాళ్టి దుమ్ము పోయి రేపటి షార్టు వస్తుందని చెప్పి, బాబాయి మెత్తటి పొడి బ్రష్షుతో ఓపిగ్గా దులిపాడు. ఫ్యాను మార్చాడు. తలుపు మూసి, పనిముట్లు సర్దుకుని, చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

అక్కడ సబ్బు నురగ చూస్తూ ఇంటికి వెళ్లి ఏం వండుకోవాలా అని ఆలోచిస్తూ, అటు నుంచి అటే సైకిలెక్కి వెళ్లిపోయాడు. తాళం స్విచ్ మీదే ఉండిపోయింది.

ఇంట్లో పొయ్యి మీద పాలు పెట్టుకుని నిలబడి ఉండగా గుమ్మంలో స్కూటర్ ఆగింది. గాలమ్మ పరుగులాంటి నడకతో లోపలికి వచ్చి, ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, గోడకి చేరబడింది. "ఫోన్ ఎత్తరేం బాబాయ్? గుండెలు జారిపోయాయి మాకు," అంది. వెనకాలే ఇన్‌ఛార్జి వచ్చి, కళ్లారా చూడడమనే పని పూర్తిచేసి, లైన్లు ఆగిపోయాయని చెడామడా నాలుగు మాటలని, ఫ్యాక్టరీకి ఫోన్ చేయడానికి వీధిలోకి వెళ్లాడు. బాబాయికి తల కొట్టేసినట్టయింది. తీగ మీద ఆరేసిన చొక్కా జేబులో తాళంచెవి కోసం వెతుకుతున్నాడు. ఈలోగా పాలు పొంగాయి. గాలమ్మే వెళ్లి పొయ్యి కట్టేసి, ఎటూ పొంగించాం కదా అని టీ పొడి వేసింది. తర్వాత కప్పు పట్టుకుని వరండాలోకి వచ్చి, అక్క కుర్చీలో కూర్చుంది. ఆమెకి అది ఎవరి కుర్చీయో తెలియదు. ఆయన చెప్పలేదు.

టీ బావుంది, నేను పెట్టాను కదా అని తనలో తనే నవ్వుకుంది. శాలువా అల్లిక చేత్తో తడిమి, ఎవరు అల్లారని అడిగింది. అక్క అన్నాడు. ఎక్కడుంటారని అడిగింది. పోయింది అన్నాడు. నాకెవరూ చెప్పలేదే బాబాయ్, నేనప్పుడు సెలవులో ఉన్నానేమో అందామె. ఆ తర్వాత ముగ్గురూ ఒకే స్కూటర్ మీద, మధ్యలో బాబాయి అటూ ఇటూ నొక్కుకుపోతూ ఫ్యాక్టరీకి వెళ్లారు. ఇన్‌ఛార్జి దారి పొడుగునా తిడుతూనే ఉన్నాడు. బాబాయి ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది గానీ, ఆ దారి ఇంకాస్త పొడుగుంటే బావుండేదని ఆయనకి అనిపించింది.

గాలమ్మ తాగిన కప్పుని ఆయన మర్నాటి దాకా కడగలేదు.

ఆ తర్వాత ఇల్లు మునుపటికన్నా పెద్దదైపోయింది. అంతకు ముందు ఎవరూ రాని ఇల్లు, ఇప్పుడు ఒకసారి మనిషి వచ్చి మళ్లీ రాని ఇల్లు. రెండోది భరించడం కష్టం. సాయంత్రం వీధిలో ఏ స్కూటర్ శబ్దమైనా చెవులు రిక్కించేవాడు. అక్క దాచుకున్న పూల కప్పులు పైనుంచి దించి కడిగి పెట్టుకున్నాడు. గాలి గదిలో గాలమ్మ కనిపించినప్పుడు, ఒకసారి ఇంటికి రామ్మా అందామని నోటిదాకా వచ్చేది. ఎందుకు బాబాయ్ అని అడిగితే ఏం చెప్పాలి? పనేమీ లేదు, ఊరికే రమ్మని ఆయన జీవితంలో ఎవరినీ పిలిచి ఎరగడు. ప్యానెల్ గురించైతే గంటసేపు మాట్లాడగలడు, దీనికి మాత్రం నోరు పెగిలేది కాదు. ఆయన నోట్లో మాట ఎప్పుడూ ఒక యంత్రం ఆగాకే మొదలయ్యేది.

అంతలో అలారం మళ్లీ వచ్చింది. ఫ్యాను ఒక్కటే కాదన్నమాట జబ్బు. ఆ రోజు పొద్దునే ఆయన సైకిల్ టైరులో మేకు దిగింది. సైకిల్ని ఫ్యాక్టరీ స్టాండులోనే ఉంచేసి, మధ్యాహ్నమంతా ప్యానెల్ ముందు కూర్చున్నాడు. మామూలు క్రమంలో ఒక్కటీ తప్పలేదు. ఒంట్లోని స్థిర విద్యుత్తు కార్డులకి తగలకుండా మణికట్టుకి ఎర్త్ పట్టీ కట్టుకుని, ఏ తీగ ఎక్కడిదో చీటీ అంటించి, ఒక్కొక్కటే మెల్లగా లాగి చూశాడు. చివరికి దొరికింది. వేడి కొలిచే తీగ ప్యానెల్ డబ్బాలోకి వచ్చే కన్నం దగ్గర రబ్బరు వలయం పగిలిపోయి, ఇనుప అంచు తీగని కోస్తోంది. లోపల మిగతా పోగులన్నీ తెగి ఒక్క పోగు మీద వేలాడుతోంది. యంత్రం వణికినప్పుడల్లా అది విడిపోతుంటే తెర దాన్ని వేడి అనుకుంటోంది. కొత్త తీగ వేశాడు, కొత్త వలయం పెట్టాడు, తీగ కదలకుండా క్లిప్పు బిగించాడు. అంత శుభ్రమైన పని ఆయన ఈమధ్య చేయలేదు.

తలుపు మూశాడు. తాళం ముందు నిలబడ్డాడు. తాళంచెవి జేబులోనే ఉంది. గాలమ్మ నీళ్ల వాల్వులు చూడడానికి బయటికి వెళ్లింది. ఆయన చెయ్యి జేబు దాకా వెళ్లి, ఊరికే ఒకసారి తట్టి, వెనక్కి వచ్చేసింది. సరుకు లారీలు వచ్చే వెనక గేటు నుంచి, ఎవరి కంటా పడకుండా చల్లగా జారుకున్నాడు.

ఇంటికి నడిచి వెళ్లి వరండా ఊడ్చాడు. కుర్చీ తుడిచాడు, శాలువా మడిచి మళ్లీ విప్పి మునుపటిలాగే వేశాడు. పూల కప్పులు పెట్టాడు. పాలు పొయ్యి మీద పెట్టి, స్కూటర్ శబ్దం వినగానే వెలిగిద్దామని అగ్గిపెట్టె చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. వీధిలో పిల్లలు ఆట ముగించి ఇళ్లకి వెళ్లారు. దీపాలు వెలిగాయి. ఎవరూ రాలేదు. కాలు గాలిన పిల్లిలా వరండాకీ వంటింటికీ మధ్య తిరిగాడు. ముందు కోపం వచ్చింది, నన్ను చూడడానికి తీరిక లేదా అని. కాసేపటికి ఆ కోపం ఎటు పోయిందో పోయి, ఒళ్లు చల్లబడింది. రాలేదంటే తాళం కోసేశారన్నమాట. ఆ ముసలాయన మళ్లీ మర్చిపోయి ఉంటాడులే అని కట్టరు పెట్టి కోసి స్విచ్ ఎత్తేశారన్నమాట. ఇవాళ కోసినవాళ్లు రేపు నిజంగా లోపల ఉన్నప్పుడూ కోస్తారు. ఆయన ఫోటో, ఆ అట్టముక్క, ఇన్నేళ్లు అక్క ముక్కు ముందు ఊపిన తాళం, అన్నీ ఇక బొమ్మ కిందే లెక్క. ఆ పని తన చేతులతో తనే చేసుకున్నాడు.

చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా ఫ్యాక్టరీకి నడిచాడు. దగ్గరికి వచ్చేసరికి ఏ చప్పుడూ వినిపించలేదు. గోడ అవతల సీసాల లైన్ల రొద లేదు, కంప్రెసర్ హోరు లేదు. తాళం కోయలేదు. అమ్మయ్య అనుకున్నాడు. ఆ ఊరట గాలి గది గుమ్మం దాకా కూడా నిలవలేదు.

గదిలో దీపాలన్నీ వెలుగుతున్నాయి. కంప్రెసర్ చుట్టూ ఉండే రేకు తలుపులన్నీ ఊడదీసి గోడకి ఆనించి ఉన్నాయి. కేబుళ్లు వెళ్లే కాలవ మీది ఇనుప పలకలు ఒక్కొక్కటే ఎత్తి పక్కన పడేశారు. ఇన్‌ఛార్జి కాలవలోకి దిగి మోకాళ్ల మీద టార్చి పట్టుకుని పాకుతున్నాడు. గాలమ్మ వేడిగాలి బయటికి పోయే గొట్టంలోకి తల పెట్టి బాబాయ్ బాబాయ్ అని పిలుస్తోంది. గొంతు అప్పటికే బొంగురుపోయింది. ఇంటికి ఎందుకు రాలేదో బాబాయికి అప్పుడు అర్థమైంది. సైకిల్ స్టాండులో ఉంది, ముందు గేటు నుంచి ఆయన బయటికి వెళ్లలేదని కాపలా మనిషి ఒట్టేసి చెప్పి ఉంటాడు. తాళం స్విచ్ మీద ఉంది. ఆ అట్టముక్క మీద రాసి ఉన్నదే వాళ్లు నమ్మారు. ఇంతసేపూ యంత్రంలో ఆయన శవం కోసం వెతుకుతున్నారు.

ఆయన దగ్గితే గాలమ్మ తిరిగి చూసింది. నేల మీద కూలబడిపోయింది. పలకలు ఎత్తి ఎత్తి ఆమె వేళ్లు చీరుకుపోయాయి, చీర కొంగుకి రక్తం అంటుకుంది. ఇన్‌ఛార్జి కాలవలోంచి పైకి వచ్చి, తిట్టడానికి కూడా ఓపిక లేక, పోన్లే, వయసు మీద పడింది, మర్చిపోయి ఉంటారు అన్నాడు. ఆ మాట పట్టుకుని బయటపడిపోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. కానీ ఆమె వేళ్ల వంక చూశాక అబద్ధం ఆయన గొంతులోంచి రాలేదు.

"మర్చిపోలేదు. కావాలనే వదిలేశాను," అన్నాడు.

ఎందుకని ఇన్‌ఛార్జి అడిగాడు. బాబాయి తాళం వంకే చూస్తూ, "మళ్లీ వస్తారని," అన్నాడు.

 గాలమ్మకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది, కళ్లు నిండాయి. రెండూ ఒకేసారి. "పిలిస్తే రామా బాబాయ్?" అంది.  ఆయన జేబులోంచి తాళంచెవి తీసి, తాళం తీశాడు. రేకు తలుపులన్నీ మళ్లీ బిగించాక యంత్రం బుద్ధిగా నడిచింది. ఆ రోజు నుంచి ఆ అలారం మళ్లీ రాలేదు, కానీ దాన్ని ఎవరూ మెచ్చుకోలేదు.

ఉద్యోగం తీసేయలేదు. అంతకన్నా నొప్పి కలిగించే పని చేశారు. ఇక మీదట ఆయన తాళం ఒక్కటే ఉంటే చెల్లదు, పక్కన ఇంకొకరి తాళం కూడా ఉండాలి. షిఫ్ట్ అయ్యాక వెళ్లేముందు గాలి గదికి వచ్చి తాళం చూపించి వెళ్లాలి. చూసి పంపే పని గాలమ్మది. తాళం బాబాయి అనే పేరు అప్పటి నుంచి ఎవరూ ఆయన ఎదురుగా అనలేదు.

ప్రతి సాయంత్రం ఆయన వెళ్లి గుమ్మంలో నిలబడేవాడు. ఆమె తెర వంక చూస్తూనే, తాళం తీశారా అని అడిగేది. మాటలు అవే, అక్క అడిగినవే. అక్క ఆయన ప్రాణం కోసం అడిగింది, ఈమె నమ్మకం లేక అడుగుతోంది. తేడా తెలిసి కూడా ఆయన సంచిలోంచి తాళం తీసి గాల్లో ఊపేవాడు. ఆమె ఒక్కసారి చూసి తల ఊపేది. ఆమె వేళ్లకి కట్టిన గుడ్డపీలికలు ముందు తెల్లగా, తర్వాత మాసి, ఒకరోజు అసలు లేకుండా పోవడం ఆయన చూశాడు. అంతకు మించి మాటల్లేవు. ఇంటికి వెళ్లి, పూల కప్పులు అలాగే బల్ల మీద ఉంటే, పక్కనే తన స్టీలు గ్లాసులో టీ తాగేవాడు.

ఒక సాయంత్రం తాళం చూపించాక ఆయన వెళ్లలేదు. గుమ్మంలోనే నిలబడ్డాడు. ఇంకేమిటన్నట్టు గాలమ్మ చూసింది. చాలా రోజుల తర్వాత అప్పుడే ఆయన మొహం వంక చూడడం.

"ఆదివారం టీకి రామ్మా. పనేం లేదు. పిల్లల్ని కూడా తీసుకురా," అన్నాడు. మాటకి ముందు దగ్గు వచ్చింది. అద్దం ముందు ఎన్నోసార్లు చెప్పి చూసుకున్న మాటే అది.

ఆమె మళ్లీ యంత్రం వైపు తిరిగింది. నూనె ముల్లు చూసింది, గాలి ముల్లు చూసింది, గుడ్డతో చేతులు తుడుచుకుంది. ఇంకా కోపంగానే ఉన్నట్టుంది. వెళ్లిపోదామని ఆయన సంచి భుజానికి తగిలించుకున్నాడు.

"ఎన్నింటికి?" అని అడిగింది గాలమ్మ.

బాబాయి బిత్తరపోయి చూశాడు. ఇన్ని రోజులు పిలవడం ఒక్కటే నేర్చుకున్నాడు, టైము గురించి అసలు ఆలోచించలేదు.